కుదుపు ఎవరి వంతు?

‘షాక్ అబ్సార్బర్’ అన్న పేరులోనే ఒక చిన్న అబద్ధం ఉంది. చక్రం గుంతలో పడినప్పుడు ఆ దెబ్బని మింగేది షాక్ అబ్సార్బర్ కాదు, స్ప్రింగు. కాకపోతే స్ప్రింగు మింగినదాన్ని దాచుకోలేదు. వెంటనే కక్కేస్తుంది. అందుకే ఒక్క గుంతకి బండి నాలుగైదు సార్లు ఊగుతుంది. ఆ ఊగుడుని ఆపడానికి పెట్టినదే మన మెకానిక్ షాపుల్లో ‘షాకబ్జర్’ అని పిలుచుకునే గొట్టం. ఇంగ్లండులో దాన్ని డ్యాంపర్ అంటారు. నిజానికి అదే సరైన పేరు. ఊగుడులోని శక్తిని వేడిగా మార్చి గాలికి వదిలేయడమే దాని ఉద్యోగం.

ఇప్పుడు జీపో, థారో, జిమ్నీయో కొన్నవాళ్ళు మొదటి ఏడాదిలోనే మాట్లాడుకునే విషయం ఇది: కంపెనీ షాకబ్జర్లు తీసేసి ఏవి వేయించాలి? గ్యాసువా, ఆయిలువా? పక్కన సీసా వేలాడేవా, మామూలువా? ఖర్చు వేలల్లో మొదలై లక్షల దాకా పోతుంది. ఆ చర్చ సాధారణంగా బ్రాండ్ల పేర్ల దగ్గరే ఆగిపోతుంది. కానీ ఈ గొట్టం వెనక నూట పాతికేళ్ళ చరిత్ర ఉంది, ఆ చరిత్ర పొడుగునా ఒక ప్రశ్న కూడా ఉంది. రోడ్డు బాగోలేనప్పుడు ఆ కుదుపుని ఎవరు భరించాలి? ఇనుమా, ఆయిలా, మనిషి నడుమా?

మొదట భరించింది మనిషి నడుమే. 1804లో ఇంగ్లండులో ఒబడయా ఎలియట్ అనే బండ్ల తయారీదారు గుర్రపు బగ్గీలకి ఎలిప్టిక్ స్ప్రింగు పేటెంటు తీసుకున్నాడు. ఉక్కు పట్టీలని ఒకదాని మీద ఒకటి పేర్చి విల్లులా వంచిన కట్టలవి. మన లారీల కింద కనిపించే కమాన్ కట్టలు ఆ కుటుంబానివే. ఈ పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్ల ఊగుడు కొంత తనంతట తానే తగ్గేది. గుర్రం పరిగెత్తే వేగానికి ఆ రాపిడి సరిపోయింది. మోటారు వచ్చి వేగం పెరిగాక చాల్లేదు.

1890ల చివర ఫ్రాన్సులో ట్రుఫో అనే ఆయన తన రేసు సైకిలు ముందు ఫోర్కుకి స్ప్రింగుతో పాటు ఒక రాపిడి పరికరం కూడా బిగించాడు. దాని హక్కుల్ని అమెరికాకి తీసుకెళ్ళి కార్లకి అమ్మినవాడు ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్. కత్తెరలాంటి రెండు చేతులు, వాటి కీలు దగ్గర ఒత్తుకుని ఉండే బిళ్ళలు, బిగించడానికో నట్టు. అంతే యంత్రం. నట్టు బిగిస్తే బండి గట్టిపడుతుంది, వదులు చేస్తే మెత్తబడుతుంది. ఈరోజు లక్షలు పోసి కొనే ‘అడ్జస్టబుల్’ షాకబ్జర్ ఆలోచన అప్పుడే ఉంది, పానా ఒక్కటీ చేతిలో ఉంటే చాలు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. షాక్ అబ్సార్బర్ కారుతో పుట్టలేదు. కారు కొన్నాక విడిగా కొనుక్కునే వస్తువుగా పుట్టింది. అంటే మనం ‘అప్‌గ్రేడ్’ అంటున్నదే దాని అసలు పుట్టుక. 1908 నుంచి 1927 దాకా కోటీ యాభై లక్షలు అమ్ముడైన ఫోర్డ్ మోడల్ టీకి కంపెనీ నుంచి షాక్ అబ్సార్బర్లే లేవు. అప్పటి అమెరికా పల్లె దారులేమో బురద, గాడులు, రాళ్ళు. ఆ ఖాళీలోకి ఎందరో చిన్న వ్యాపారులు దిగారు. వాళ్ళ పాత వృత్తులు చూస్తే ముచ్చటేస్తుంది. క్లీవ్‌లాండులో గేబ్రియల్ పేరుతో కార్ల హారన్లు చేసిన క్లాడ్ ఫాస్టర్, పట్టీ చుట్టిన ‘స్నబ్బర్’ని అమ్మాడు. మిషిగన్‌లోని మన్రో ఊళ్ళో టైర్లకి గాలికొట్టే పంపులు చేసిన కంపెనీ తర్వాత షాక్ అబ్సార్బర్లలోకి మారింది. ఇప్పటికీ అదే పేరుతో అమ్ముతోంది. హాలెండులో కోనీ అంతకుముందు గుర్రాలకి జీనూ పట్టెడలూ కుట్టిన కుటుంబ వ్యాపారం. జర్మనీలో బిల్‌స్టీన్ కిటికీల సామాను చేసిన కంపెనీ. కుదుపు ఆపడం ఎవరికీ కులవృత్తి కాదు. రోడ్డు బాగోలేని చోటల్లా ఎవరో ఒకరు దాన్ని వృత్తిగా మార్చుకున్నారు.

రాపిడి బిళ్ళలతో ఒక చిక్కుంది. కదలని వస్తువుని మొదటిసారి కదపడానికి ఎక్కువ బలం కావాలి, కదిలాక తక్కువ సరిపోతుంది. నేల మీద బీరువాని తోసినవాళ్ళెవరికైనా ఇది తెలుసు. అంటే చిన్న చిన్న గతుకుల దగ్గర రాపిడి షాకబ్జర్ బిగుసుకుపోతుంది, ఆ దెబ్బ సూటిగా మనకి తగులుతుంది. పెద్ద గుంతలో గట్టిగా పట్టుకోవాల్సినప్పుడేమో దాని పట్టు చాలదు. కావలసినదానికి సరిగ్గా తలకిందులు. ద్రవం అలా కాదు. చిన్న రంధ్రంలోంచి ఆయిల్ని నెమ్మదిగా నెడితే దారిస్తుంది, విసురుగా నెడితే ఎదురు తిరుగుతుంది. చెయ్యి నీళ్ళలోకి మెల్లగా దించడానికీ, అరచేత్తో చరచడానికీ ఉన్న తేడా అది. ఫ్రాన్సులో మోరిస్ హుడాయ్ ఈ సూత్రం మీద 20వ శతాబ్దం తొలి ఏళ్ళలోనే పరికరం చేశాడు. మోడల్ టీ తర్వాత వచ్చిన ఫోర్డ్ మోడల్ ఏకి కంపెనీయే హుడాయ్ రకం హైడ్రాలిక్ షాక్ అబ్సార్బర్లు బిగించి అమ్మింది. నిన్నటి అప్‌గ్రేడ్ ఇవాళ్టి మామూలు సామాను అయింది. ఈ కథ తర్వాత చాలాసార్లు ఇలాగే జరిగింది.

రోడ్డు లేని చోట నడవడానికే పుట్టిన బండి జీపు. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి నాలుగు చక్రాల డ్రైవు బండి కావాలంది, నమూనా ఇవ్వడానికి 49 రోజుల గడువు పెట్టింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ ఇచ్చింది, తర్వాత విల్లీస్, ఫోర్డ్ కలిసి యుద్ధకాలంలో సుమారు 6 లక్షల 40 వేల బళ్ళు చేశాయి. కింద నాలుగు కమాన్ కట్టలు, నాలుగు చిన్న గొట్టం షాకబ్జర్లు. బండి ఎక్కడికైనా పోయేది. మరి లోపల కూర్చున్నవాడు?

1944లో లూయీ బ్యూయీ అనే అమెరికన్ డాక్టరు ఒక జబ్బుకి ‘జీపు వ్యాధి’ అని పేరు పెట్టాడు. వెన్నెముక అడుగున, పిరుదుల మధ్య చీముగడ్డ. యుద్ధకాలంలో ఈ బాధతో అమెరికా సైనికుల్లో దాదాపు 80 వేల మంది ఆస్పత్రుల్లో చేరారు. చర్మంలోకి గుచ్చుకుపోయే వెంట్రుకలే దీనికి మూలమని వైద్యులు తర్వాత తేల్చారు. అయితే గట్టి సీటు మీద గంటల తరబడి ఎగిరెగిరి పడటం దాన్ని రేపుతుంది. యుద్ధం గెలిపించిన బండి అని జీపుకి కీర్తి దక్కింది. ఆ కీర్తి కింద గాజు గుడ్డ కట్టుకుని బోర్లా పడుకున్న 80 వేల మంది గురించి ఎవరూ సినిమా తియ్యరు.

సైన్యానికి మాత్రం ఈ లెక్క గుర్తుండిపోయింది. 1960లలో అమెరికా సైన్యపు వాహన పరిశోధకులు ప్రాడ్కో, లీ మనుషుల్ని ఊగే బల్లల మీద కూర్చోబెట్టి ఓ వింత కొలత తీశారు. కుదుపులో మనిషి ఒళ్ళు ఎంత శక్తిని పీల్చుకుంటోంది? ఒళ్ళు కూడా ఒక షాక్ అబ్సార్బరే కదా. కండరాలు, వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళలు, కడుపులోని పేగులు అన్నీ కలిసి ఊగుడుని వేడిగా మారుస్తూ ఉంటాయి. వాళ్ళు తేల్చిన హద్దు 6 వాట్లు. డ్రైవరు ఒళ్ళు 6 వాట్లు పీల్చుకునే దగ్గర అతను తనంతట తానే కాలు ఎత్తేస్తాడు. ఇక అంతకంటే వేగంగా తోలడు. అప్పట్నుంచీ ఫలానా నేల మీద ఫలానా బండి ఎంత వేగంగా పోగలదు అన్న సైనిక లెక్కల్లో ఈ 6 వాట్లు ఒక గీతగా నిలిచిపోయింది. ఇంజను ఎన్ని వందల హార్స్‌పవర్‌దైనా సరే. రోడ్డు లేని చోట బండి వేగాన్ని తేల్చేది వంటింట్లో వెలిగే చిన్న ఎల్‌ఈడీ బల్బు పాటి శక్తి, అదీ డ్రైవరు నడుములో.

ఈ 6 వాట్ల గోడని దాటడానికి రెండు దారులున్నాయి. ఒకటి, నెమ్మదిగా, మెత్తగా పోవడం. సిట్రోయెన్ కంపెనీ 1930ల్లో ఫ్రెంచి రైతుల కోసం 2సీవీ అనే కారు మొదలుపెట్టింది. పెద్ద ఇంజను అక్కర్లేదు, గంటకి 60 కిలోమీటర్లు చాలు. కానీ దున్నిన పొలం మీంచి పోయినా బుట్టలో గుడ్లు పగలకూడదు. ఇదీ కంపెనీ పెద్ద బూలాంజే పెట్టిన షరతు. 1948లో బయటికొచ్చిన ఆ కారుకి మెత్తటి పొడుగాటి స్ప్రింగులు, రాపిడి బిళ్ళలతో పాటు ప్రతి చక్రం దగ్గరా ఒక గొట్టంలో ఊగే బరువు పెట్టారు. చక్రం పైకి ఎగిరితే ఆ బరువు కిందికి లాగుతుంది. అందంగా ఉండదు. కానీ దాన్ని గీసినవాళ్ళు గుడ్లమ్ముకునే మనిషిని మనసులో పెట్టుకుని గీశారు.

రెండో దారి మెక్సికోలో తెరుచుకుంది. బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పానికి ఉత్తరాన తిహువానా, దక్షిణాన లా పాస్. మధ్యలో 1,300 కిలోమీటర్లకు పైగా ఇసుక, రాయి, ముళ్ళు. 1962లో డేవ్ ఎకిన్స్, బిల్ రాబర్ట్‌సన్ అనే ఇద్దరు హోండా మోటారు సైకిళ్ళ మీద బయలుదేరారు. ఎకిన్స్ 40 గంటల లోపే ఆ దూరం దాటేశాడు. 1967లో అక్కడే మొదటి మెక్సికన్ 1000 రేసు జరిగింది. ఓ చిన్న మేయర్స్ మాంక్స్ బగ్గీ సుమారు 27 గంటల 38 నిమిషాల్లో గెలిచింది. అదే తర్వాత బాహా 1000 అయింది.

అక్కడ అందరికీ ఎదురైన శత్రువు ఇంజను కాదు, ఆయిలు. ఒక చిన్న లెక్క వేద్దాం. 2 టన్నుల బండి 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడితే దాదాపు 5,900 జౌళ్ళ శక్తి. నాలుగు షాకబ్జర్లలో కలిపి ఓ లీటరు ఆయిల్ ఉందనుకుంటే, చల్లారే వ్యవధి లేకపోతే ఆ ఒక్క దెబ్బకే ఆయిల్ 3 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. ఎడారిలో అలాంటి దెబ్బలు వందలు వరసగా వస్తాయి. వేడెక్కిన ఆయిల్ పల్చబడుతుంది. పిస్టన్ విసురుకి అందులో గాలి కలిసి మజ్జిగ చిలికినట్టు నురగ లేస్తుంది. నురగకి ఎదురుతిరిగే బలం ఉండదు. అప్పటిదాకా బుద్ధిగా పోతున్న బండి ఒక్కసారిగా ఉయ్యాలయిపోతుంది.

మందు ఎడారిలో కాదు, ఫ్రాన్సులోనే పుట్టింది. 1950ల మొదట్లో క్రిస్టియాన్ బూర్సియే ద కార్బోన్ అనే ఇంజనీరు ఒకే గొట్టంలో ఆయిలునీ, దానికింద ఒత్తిడితో నింపిన గ్యాసునీ పెట్టి, మధ్యలో జరిగే బిళ్ళ ఒకటి అడ్డం పెట్టాడు. గ్యాసు ఎప్పుడూ ఆయిల్ని నొక్కి ఉంచుతుంది కాబట్టి నురగ లేవదు. పైగా ఆయిల్ గొట్టం సూటిగా బయటి గాలికి తగులుతుంది కాబట్టి వేడి త్వరగా పోతుంది. బిల్‌స్టీన్ ఆ హక్కు తీసుకుని 1957 నుంచి మెర్సిడెస్ కోసం తయారుచేసింది. ఇవాళ మన కుర్రాళ్ళు ‘మోనోట్యూబ్ వేయించా బ్రో’ అన్నప్పుడు చెబుతున్నది ద కార్బోన్ ఆలోచన గురించే.

బాహా వాళ్ళు మొదట మొరటు పద్ధతిలో పోయారు. చక్రానికి ఒకటి చాలకపోతే రెండు, రెండు చాలకపోతే మూడు షాకబ్జర్లు. వేడి పంచుకుంటాయి కదా! తర్వాత ఆయిల్ ఎక్కువ పట్టేలా పక్కన వేరే సీసా పెట్టారు. ఆ తర్వాత వచ్చింది అసలైన తెలివి, బైపాస్. గొట్టం మధ్యభాగంలో ఆయిల్‌కి పక్కదారి ఇస్తారు. చిన్న గతుకుల్లో పిస్టన్ మధ్యలోనే ఆడుతుంది కాబట్టి మెత్తగా ఉంటుంది. పెద్ద గుంతలో చివరిదాకా పోయేసరికి పక్కదారులు మూసుకుపోయి గట్టిపడుతుంది. 1970లలో మోటోక్రాస్ సైకిళ్ళకి షాకబ్జర్లు చేస్తూ మొదలైన ఫాక్స్ కంపెనీ, ఆ పక్కదారుల్ని గొట్టం లోపలే దాచింది. 2010 మోడలుగా వచ్చిన ఫోర్డ్ రాప్టర్‌కి అవి కంపెనీ నుంచే బిగించి వచ్చాయి. రేసు సామాను షోరూమ్‌లోకి వచ్చేసింది. మోడల్ ఏ కథ మళ్ళీ జరిగింది.

ఈలోగా 1973లో బాహా ద్వీపకల్పం పొడుగునా తారు రోడ్డు పూర్తయింది. అక్కడి జనానికి కుదుపు తప్పింది. రేసు మాత్రం మట్టిలోనే ఉండిపోయింది. ఒకప్పుడు వేరే దారిలేక భరించిన కుదుపుని ఇప్పుడు డబ్బు కట్టి వెతుక్కుంటూ వెళ్తున్నారు. ‘ఆఫ్‌రోడింగ్’ అన్న సరదా ఇక్కడే పుట్టిందని నాకనిపిస్తుంది. పక్కన మంచి రోడ్డు వచ్చాకే చెడ్డ రోడ్డు ఆట అవుతుంది.

షాకబ్జర్ ఎంత గొప్పదైనా గెలవలేని రోడ్డు కూడా ఒకటుంది. ఆస్ట్రేలియా లోపలి మట్టిదారులు వందల కిలోమీటర్లు సిమెంటు రేకులా అడ్డగీతలు తేలి ఉంటాయి. మన పల్లె మట్టిరోడ్ల మీదా ఇవి చూస్తాం. అక్కడివాళ్ళ షాకబ్జర్ల వ్యాపారంలో సగం ఈ గీతల పుణ్యమే అనిపిస్తుంది. ఈ గీతలకి కారణం బళ్ళ స్ప్రింగులేనని చాలాకాలం అనుకున్నారు. 2007లో టాబెర్లే, మోరిస్, మెకెల్వేన్ అనే ముగ్గురు భౌతికశాస్త్రవేత్తలు తిరిగే బల్ల మీద ఇసుక పోసి, దాని మీద ఓ చక్రం నడిపి చూశారు. స్ప్రింగు లేకపోయినా గీతలు పుట్టాయి. ఒక వేగం దాటితే చాలు, చక్రం ఎగరడం, పడిన చోట ఇసుక పోగుపడటం మొదలవుతుంది. ఆ వేగం లోపల పోతే గీతలు రావు. కాకపోతే ఆ వేగం ఎవరూ ఓపిక పట్టనంత తక్కువ. అంటే ఖరీదైన షాకబ్జర్ గీతల రోడ్డు మీద మనల్ని వేగంగా పోనిస్తుంది, ఆ వేగం గీతల్ని ఇంకా లోతు చేస్తుంది. మన వెనక డొక్కు ఆటోలో వచ్చేవాడు ఆ బాకీ తీరుస్తాడు.

మన దేశం సంగతికొస్తే, స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్ళ నుంచీ మహీంద్రా విల్లీస్ జీపుల్ని ఇక్కడ కూర్చి, తర్వాత తయారుచేసి అమ్మింది. 1985లో మారుతి జిప్సీ వచ్చింది. నాలుగు చక్రాలకీ కమాన్ కట్టలే. సుజుకి 1998లో బయటి దేశాల్లో తెచ్చిన కొత్త జిమ్నీకి కాయిల్ స్ప్రింగులే ఉన్నాయి. మన జిప్సీకి మాత్రం 2018-19లో ఆగిపోయే దాకా అవే కమాన్ కట్టలు. ఇరవై ఏళ్ళు! మెత్తటి బండి చేయడం కంపెనీకి తెలియక కాదు. కొనేవాళ్ళు ఎక్కువగా సైన్యం, పోలీసులు. వెనక బెంచీ మీద ఎదురెదురుగా కూర్చునే కానిస్టేబులు బండి కొనే కమిటీలో ఉండడు. మహీంద్రా థార్ కూడా 2010లో వెనక కమాన్ కట్టలతోనే వచ్చింది. 2020లో నగరాల కుర్రకారు కోసం కొత్తగా గీసినప్పుడు వెనక కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. కొనేవాడూ కూర్చునేవాడూ ఒకరే అయిన రోజున బండి మెత్తబడింది.

మన ఏజెన్సీ ఊళ్ళ సర్వీసు జీపుల దగ్గర ‘అప్‌గ్రేడ్’ అన్నదానికి అర్థం వేరు. అక్కడ ఓనరు చేయించేది షాకబ్జర్ మార్పించడం కాదు, కమాన్ కట్టలో ఇంకో పట్టీ వేయించడం. ఎనిమిది మంది ఎక్కాల్సిన చోట పదహారు మంది ఎక్కుతారు కాబట్టి. నిండుగా ఉన్నప్పుడు ఆ లెక్క సరిపోతుంది. తిరుగు ప్రయాణంలో ముగ్గురే ఉంటే అదే బండి రాయిలా కొడుతుంది. ఆ ముగ్గురిలో ఒకరు ఆస్పత్రి నుంచి వస్తున్న బాలింత కావచ్చు. ఈ రెండు అప్‌గ్రేడ్లూ ఒకే రకం బండి మీద, ఒకే రాష్ట్రంలో జరుగుతాయి. ఒకటి కుదుపుని తగ్గించడానికి, ఇంకొకటి ఎక్కువ మందిని మోయడానికి.

ఇంత చరిత్రలోంచి షాకబ్జర్లు మార్చాలనుకునేవాళ్ళకి పనికొచ్చే మాట లేదా అంటే ఉంది. షాకబ్జర్ని ఒంటరిగా కొనకూడదు. అది స్ప్రింగుకి జోడీ. మెత్తటి స్ప్రింగుకి మరీ గట్టి షాకబ్జర్ బిగిస్తే గుంతలో కుంగిన చక్రం తిరిగి దిగేలోపే తర్వాతి గుంత వస్తుంది, బండి అంతకంతకూ కుంగుతూ పోతుంది. బండి ఎత్తు పెంచి పాత పొడుగు షాకబ్జర్లే ఉంచితే అవి చివరంటా సాగి తెగుతాయి. వారాంతం సరదాకి ఎడారి రేసు సామాను అక్కర్లేదు. ఆయిల్ అంత వేడెక్కే వేగంతో మనం పోము. చట్టం సంగతీ చూసుకోవాలి. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఎత్తు పెంచే కిట్లు అమ్మేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

అన్నిటికంటే ముందు అడగాల్సింది, ఎవరి కోసం అని. 2002లో యూరోపియన్ యూనియన్ ఒక ఆదేశం తెచ్చింది. పనిచేసే మనిషి ఒంటికి రోజుకి ఇంతకు మించి కుదుపు తగలకూడదని అందులో అంకెలేసి హద్దు గీశారు, దాన్ని చూసుకునే బాధ్యత యజమానిది అన్నారు. ట్రాక్టరు, లారీ, బుల్‌డోజరు తోలేవాళ్ళ నడుముల కోసం తెచ్చిన నియమం అది. బాహాలో చక్రానికి మూడు షాకబ్జర్లు పెట్టినవాళ్ళు వెతికింది కూడా ఆ నడుము ఓర్చుకునే హద్దునే. ఆ హద్దు రేసు తోలేవాడికీ, ఇసుక ట్రాక్టరు తోలేవాడికీ ఒక్కటే. 6 వాట్లు. తేడా అల్లా ఒకరు ఆదివారం సాయంత్రం ఇంటికెళ్ళి వేణ్ణీళ్ళ స్నానం చేస్తారు, ఇంకొకరు సోమవారం పొద్దున్నే మళ్ళీ అదే సీటెక్కుతారు.